బీబమ్మ పూసిన సున్నం

బీబమ్మ పోయిందని కబురు వచ్చిన రోజు మా మనవరాలు సిరి నన్ను కారులో జనగామకు తీసుకెళ్ళింది. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఆమె ఫోను టింగుమంది. దారి పక్కన ఆపి చూసి నవ్వింది. "చలాన్ పడ్డది తాతా, స్పీడుకు. ఫొటో గుడ పంపిండ్రు." పొద్దుటి బజ్జీల ధర చెప్పినట్టు చెప్పి, వేలితో రెండు నొక్కులు నొక్కి కట్టేసింది. మళ్ళీ బండి తీస్తూ అడిగింది. "నీకెప్పుడన్న పడ్డదా తాతా, లారీ నడిపినప్పుడు?"

ఇలాంటి ప్రశ్న దొరికితే నేను ఊరుకునే మనిషిని కాను. పడ్డదా అంటే పడ్డది బిడ్డా అని మొదలుపెట్టాను. పోలీసు గేట్లు తోసుకుంటూ పోయానన్నాను. మానుకోట జైల్లో నా పేరు చెబితే ఇప్పటికీ జమాదార్లు లేచి నిలబడతారన్నాను. ఇన్‌స్పెక్టర్ నాకు చాయ్ పోశాడన్నాను. సిరి నవ్వుతూ వింది గానీ, నమ్మినట్టు లేదు. మా ఇంటివాళ్ళంతా ఇంతే, నేను చెప్పినదాంట్లో సగం కోసేసి వింటారు. మిగతా సగంలో కూడా సగం అబద్ధమని వాళ్ళకు తెలియదు.

నేను నడిపిన లారీ బీబమ్మ భర్త ఖాదర్ మియాది; ఆ ఇంట్లో ఆడవాళ్ళ ఏడుపు సద్దుమణిగింది. నాకు కుర్చీ వేస్తే కూర్చోలేక పెరట్లోకి నడిచాను. పెరడు అప్పటిదే. లారీ నిలిచే చోట ఇప్పుడు రెండు మోటారు సైకిళ్ళున్నాయి. మూలన కోళ్ళ గూడు, దాని నోటికి అడ్డంగా ఒక రేకు. వంగి చూశాను. నల్ల రేకు మీద తెల్లటి అంకెలు కొన్ని, వాటి పక్కన రాయిలా గట్టిపడ్డ సున్నపు పెళ్ళ. ఉలితో కొట్టిన గాట్లు కూడా అలాగే ఉన్నాయి. గూడు పక్కనే కూర్చున్నాను. కోడి ఒకటి నన్ను చూసి పరాయి మనిషనుకుని అరిచింది. నేను ఆ ఇంటి కోళ్ళకు దాణా వేసినవాణ్ణి, దానికేం తెలుసు.

ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఒక చప్పుడు. ఖాదర్ మియా ఫజర్ నమాజు ముగించి, లుంగీ ఎగగట్టి, చెక్క సుత్తితో ఒక్కొక్క టైరునూ కొట్టి చెవి పెట్టి వినేవాడు. గాలి సరిగ్గా ఉంటే టైరు ఒక తీరుగా పలుకుతుందట, తగ్గితే ఇంకో తీరుగా. నేనూ చెవి పెట్టేవాణ్ణి. నాకు అన్నీ ఒకటే చప్పుడు. అయినా "రెండోది జర తక్కువున్నది మియా" అనేవాణ్ణి. ఆయన "వారే వా ఇస్తాదు" అని నా నెత్తిన ఒకటి మొట్టేవాడు. లోపల బీబమ్మ జొన్న రొట్టె చరిచే చప్పుడు, మాడిన పచ్చిమిరపకాయల ఘాటు, చాయ్‌లో నలగ్గొట్టిన అల్లం వాసన, వాటన్నిటి మీదా డీజిల్ వాసన. మా అమ్మా బాపూ బచ్చన్నపేట పక్కన కూలి చేసుకుంటూ, నన్ను చిన్నప్పుడే మియా దగ్గర పనికి పెట్టారు. నాకు మీసం వచ్చిందీ లైసెన్సు వచ్చిందీ ఈ పెరట్లోనే.

లారీ గేటు దాటే ముందు బీబమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆకుపచ్చ గుడ్డ పేలికలో ఒక రూపాయి బిళ్ళ పెట్టి నా కుడి దండకు, మోచేతికి పైన, కట్టేది. ఇమామ్ జామిన్ అంటారు దాన్ని. దూరం పోయేవాళ్ళకు వాళ్ళ ఇళ్ళలో కడతారు. క్షేమంగా చేరాక విప్పి, ఆ బిళ్ళను బీదవాళ్ళకివ్వాలి. "మీ దేవుడు నన్నెట్ల గుర్తుపడ్తడు బీబమ్మా" అని వేళాకోళమాడితే, "గుడ్డను గుర్తుపడ్తడు గని, నీ మొహాన్ని కాదు" అనేది. మూతి ముడుచుకుని కట్టినా, ముడి మాత్రం రెండుసార్లు లాగి చూసేది.

జై తెలంగాణ అని మొదటిసారి లేచిన ఏడాది అది. రోడ్లకు ఒక భయం పట్టుకుంది. పొద్దున పోయిన బస్సు సాయంత్రానికి అద్దాలు లేకుండా వచ్చేది. మైలురాళ్ళ మీద, ఆఫీసు బోర్డుల మీద ఆంధ్ర అనే మాట ఎక్కడున్నా డాంబర్ పూసేశారు. బండ్ల నంబర్లలో ముందుండే ఏ.పీ. అక్షరాలు కనబడితే పిల్లలు రాళ్ళు అందుకునేవాళ్ళు. ఆ అక్షరాలు కనబడకపోతే పోలీసులు లాఠీ అందుకునేవాళ్ళు. మధ్యలో మా డ్రైవర్లం. ఎవరి మీద కోపంతో ఎవరు ఏ మూల నుంచి వస్తారో తెలియక, మూల మలుపు దగ్గర హారన్ కొట్టడానికి కూడా జంకేవాళ్ళం.

దానికి మేమొక ఉపాయం కనిపెట్టుకున్నాం. చెరువు మట్టి తడిపి ఒక డబ్బాలో సీటు కింద పెట్టుకునేవాళ్ళం. ఊరు దగ్గరపడుతుంటే దిగి అక్షరాల మీద పూసేవాళ్ళం. పోలీసు కాపలా ఉన్న మోరీ, అంటే కల్వర్టు, దగ్గరపడుతుంటే దిగి కడిగేవాళ్ళం. పూయడం, కడగడం, మళ్ళీ పూయడం. నడిపిన దానికంటే కడిగిందే ఎక్కువ. ఆ కడగడం గురించి మాత్రం నేను బీబమ్మకు ఎన్నడూ చెప్పలేదు. పొయ్యి ముందు కూర్చుని రొట్టె తింటూ ఏమని చెప్పానో నాకు బాగా గుర్తుంది. "మట్టి పూసుకొనే పోలీసుల నడుమకెంచి పోత బీబమ్మా. సమ్మయ్య లారీ అంటె వాళ్ళే పక్కకు జరుగుతరు."

"నిజంగనా బేటా?"

"నీ మీద ఒట్టు."

ఒకసారి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఎండకు మట్టి పగిలి రాలిపోయింది. నేను చూసుకోలేదు. పిల్లలు ముందు బతిమాలారు, తర్వాత తిట్టారు, ఒకడు రాయి విసిరాడు. ముందు అద్దం బతికింది గానీ, వెనక నుంచి వచ్చేది చూసే పక్క అద్దం పగిలిపోయింది. ఖాదర్ మియా ఆ ఖాళీ చట్రాన్ని చేత్తో తడిమాడు. అద్దాల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. బీబమ్మ మాత్రం చాలాసేపు నంబరు రేకుల ముందు నిలబడింది.

బీబమ్మ పుట్టింటివాళ్ళు సున్నం పనివాళ్ళు. గోరీలకు, మసీదు గోడలకు గచ్చు చేసేవాళ్ళు. సున్నంలో సన్న ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం పాకం కలిపి రోట్లో వేసి నూరితే, ఆరిన కొద్దీ రాయవుతుందట. మానుకోటకు మిరపకాయల లోడుకు నేను బయలుదేరే పొద్దున ఆమె రోటి ముందు కూర్చుని దాన్ని నూరింది. వెన్నలాంటి ముద్దను రెండు రేకుల మీదా, ఏ.పీ. అక్షరాలనూ పక్కనున్న అంకెలనూ కలిపి పూసి, తడి వేళ్ళతో నున్నగా దిద్దింది. "మట్టి రాల్తది బేటా. ఇది మా అబ్బా గోరీలకు ఏసిన సున్నం. ఖయామత్ దాక, లోకం మునిగేదాక ఊడదు." నీళ్ళతో కడిగితే పోతుందా అని అడగాలి. అడిగితే ఇన్నాళ్ళ ధైర్యం ఏమవుతుంది? "మంచిగున్నది" అన్నాను. తడి మీద ఉంది కదా, ఊరు దాటాక తుడిచేద్దామనుకున్నాను. ఊరు దాటాక పిల్లల గుంపు ఎదురైంది. వాళ్ళు చూసి చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినదాన్ని తుడవబుద్ధి కాలేదు.

మానుకోటలో బంద్. తర్వాత కూడా బంద్. లారీ ఎండలో నిలబడింది, రేకులూ ఎండలో నిలబడ్డాయి. ఊళ్ళో ఎక్కడో కాల్పులు జరిగాయని ఒకరు, లేదు కర్రలేనని ఒకరు. హోటళ్ళు సగం తలుపులే తెరిచి, రోడ్డు వైపు చూస్తూ అమ్మేవి. చివరికి ఒకనాడు బస్తాలు ఎక్కించారు. తోడు రావలసిన క్లీనరు భయపడి వాళ్ళ ఊరికి పోయాడు. ఒక్కణ్ణే తొర్రూరు దారి పట్టాను. మిరపకాయల లోడంటే తెలిసినవాళ్ళకు తెలుసు. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా ఘాటు లేచి క్యాబిన్‌లోకి వస్తుంది. ముక్కు, గొంతు, కళ్ళ కొనలు అన్నీ మండుతాయి.

ఒక తండా దాటుతున్నాను. ఎదురుగా ఎండ, మట్టి బాట, ఎవరూ లేరు. తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా. తుమ్మేటప్పుడు కళ్ళు మూతపడతాయి కదా. ఆ మూతలో ఎడమ పక్కన ధబ్ మని ఒక చప్పుడు. కళ్ళు తెరిచేసరికి ముందు రోడ్డు ఖాళీ. వెనక చూద్దామంటే అద్దం లేదు, చట్రమే ఉంది. దాంట్లోంచి ఆకాశం కనబడింది. ఆపాలనుకున్నాను. కాలు బ్రేకు మీదికి పోయింది కూడా. కానీ ఆ రోజుల్లో నిర్మానుష్యంగా ఉన్న చోట లారీ ఆపడమంటే నిప్పు అంటించుకోవడమే. రాయి అయ్యుంటుంది అనుకున్నాను. రాయే, రాయే అని పైకి అనుకుంటూ పోయాను.

తొర్రూరు ఇవతల మోరీ దగ్గర పోలీసులున్నారని తెలుసు. ముందే ఆపి, డబ్బాలో నీళ్ళు తీసుకుని రేకు మీద పోశాను. సున్నం మెరిసింది. గోటితో గీకాను. గోరు విరిగింది. స్పానరుతో కొట్టాను. రేకు సొట్టపడింది గానీ సున్నం పడలేదు. నిజంగా అప్పుడు నాకు ఏడుపొచ్చింది. గేట్లు తోసుకుపోయానని సిరికి చెప్పాను కదా, ఇదీ ఆ గేట్ల సంగతి. లారీ ముందు గొంతుక్కూర్చుని ఏడుస్తుంటే ఇద్దరు జవాన్లు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ కోస్తా వైపు మనిషి. కేకలేసే రకం కాదు, అదే ఎక్కువ భయం. కుర్చీలో కూర్చుని రేకును వేలితో తట్టి చూశాడు.

"ఏంట్రా ఇది?"

"సున్నం సార్."

"ఎవరు పూశారు?"

"నేనే సార్." ఈ ఒక్క అబద్ధానికి మాత్రం నేనిప్పటికీ సిగ్గుపడను.

"ఎందుకు పూశావు?"

"గట్ల పూయకపోతె రాళ్ళు ఏస్తున్రు సార్."

"గట్లా, గిట్లా..." అని పక్కనున్న జవాను వైపు చూసి నవ్వాడు. "లారీ తోలడం వచ్చు గానీ తెలుగు రాలేదన్నమాట. ఆ చేతికేంటి?"

"మా మియా ఇంట్ల కట్టిండ్రు సార్. మంచిగ పోయి రావాలెనని."

"వస్తావులే." అని కాగితం తీసి రాసుకున్నాడు. నంబరు పలక మీద గట్టి సున్నం పూసి, ఒక్క అక్షరం కూడా చదవడానికి వీల్లేకుండా దాచిపెట్టి బండి నడిపినట్టు. పైకి చదివి వినిపించి, నా చేత సంతకం పెట్టించి, లైసెన్సు తీసి జేబులో వేసుకున్నాడు. లైసెన్సు పోయిందని అప్పుడు గుండె పగిలింది. అంతకంటే పెద్దది ఇంకా రాలేదని నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా మానుకోట నుంచి జీపు వచ్చింది. తండా దగ్గర ఒక మనిషిని లారీ కొట్టిపోయిందని, ఎడ్లబండి మీద దవాఖానకు తెచ్చారని, బతికేదీ లేనిదీ తెలియదని ఆ జవాను చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ నావైపు తిరిగాడు. అప్పటిదాకా నవ్విన మొహం కాదది. "ఏ దారిన వచ్చావు?" ఆ దారినే వచ్చానని చెప్పాను. ధబ్ మన్న చప్పుడు సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా.

మర్నాడు పొద్దున నన్ను దవాఖానకు తీసుకెళ్ళారు. ఫినాయిల్ వాసన, గోడ వెంట ఆకుపచ్చ రంగు, బయట మూటలతో కూర్చున్న జనం. మంచం మీద ఉన్నతని పేరు హరియా. బంజారా మనిషి, నడివయసు. కాలికి చెక్కలు కట్టి ఉన్నాయి, గడ్డం దగ్గర చర్మం చెక్కుకుపోయింది. అద్దాల రవికె తొడుక్కున్న ఆయన భార్య మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుని, వాళ్ళ మాటలో ఏదో గొణుగుతోంది. నన్ను చూసి ఆపేసింది.

"చూడు. నంబరు కనపడకుండా సున్నం పూసుకుని తిరుగుతున్నాడు వీడు. నిన్ను కొట్టింది వీడి లారీయేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

హరియా నన్ను కాళ్ళ దగ్గర నుంచి చూడడం మొదలుపెట్టాడు. చెప్పులు లేని పాదాలు, మట్టి ప్యాంటు, చేతుల సంకెళ్ళు. చూపు నా దండ దగ్గర కాసేపు ఆగింది. మొహం దాకా వచ్చిందో లేదో నాకు తెలియదు, నేను తల దించుకున్నాను. ఔనంటే జైలు. అతను బతకకపోతే అంతకు మించి. బాపు, అమ్మ, ఖాదర్ మియా లారీ, అన్నీ ఆ మనిషి నాలుక చివర ఉన్నాయి. ఔను అంటే అది నిజం కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే నాకే తెలియదు.

"కాదు దొరా" అన్నాడు హరియా.

"ఎలా చెప్తావు?"

"నన్ను గుద్దిన లారీకి ఎనక నంబరు సాఫుగున్నది. ఎండకు మెరిసింది. నాకు సదువు రాదు గని, తెల్లటి అచ్చరాలు కనబడ్డయి."

ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు అడిగాడు, గద్దించి అడిగాడు. హరియా అదే మాట అన్నాడు. ఒక్క అక్షరం కూడా చదవడానికి వీల్లేదని ముందురోజు తన చేత్తో తనే రాశాడు ఇన్‌స్పెక్టర్. ఆ కాగితం కింద నా సంతకం ఉంది. ఇక ఏమీ చేయలేక, నంబరు దాచిన కేసు ఒక్కటే ఉంచాడు. మేజిస్ట్రేట్ జుర్మానా వేసి, లైసెన్సును కొన్నాళ్ళు ఆపేశాడు. ఖాదర్ మియా వచ్చి కట్టి నన్ను తీసుకుపోయాడు. లారీని ఇంకో డ్రైవరు మా వెనక తెచ్చాడు. మానుకోట జైలు గోడను నేను బయటి నుంచే చూశాను, అదీ బస్సు కిటికీలోంచి.

ఇల్లు చేరాక బీబమ్మ నా దండ గుడ్డ విప్పుతూ అడిగింది. "పోలీసులు పక్కకు జరగలే?" నేను కడగడం సంగతి అప్పుడు చెప్పాను. ఆమె చేయి ఆగిపోయింది. ఉలి, సుత్తి తెచ్చుకుని, రేకులు విప్పించి, పెరట్లో కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఆ చప్పుడు. సగం కూడా ఊడలేదు. ఒక రేకు విరిగిపోయింది, ఇంకోటి వంకరపోయింది. వంకరపోయినదే కోళ్ళ గూటికి తలుపయింది. "ఆ మనిషి బతుకుతడా బేటా" అని మాత్రం ఒకసారి అడిగింది. రాయి సంగతి చెప్పాను. పెద్ద రాయి, ఎడమ చక్రం కింద పడ్డది, నేను దిగి చూశానని చెప్పాను. దిగి చూడలేదు. ఆ తర్వాత ఆ దారిన పోయినప్పుడల్లా రాయి కోసం వెతికేవాణ్ణి. కనబడిన ప్రతి రాయీ అదేననుకునేవాణ్ణి.

లైసెన్సు చేతికొచ్చాక మహదేవపూర్ అడవిలోకి వెదురు బొంగుల లోడుకు పోయాను. భూపాలపల్లి దాటాక బాట పక్కన కూలీలు బొంగులు కట్టలు కడుతున్నారు. వాళ్ళలో ఒకతను కుంటుకుంటూ వచ్చి లారీ ముందు నిలబడ్డాడు. కొత్త రేకు మీది అక్షరాలను చూసి, నన్ను చూశాడు. హరియా.

"సున్నం పోయిందా తమ్మీ?"

నేను దిగి ఆయన చేతులు పట్టుకున్నాను. నీళ్ళు తాగి, బీడీ వెలిగించి ఇద్దరం కట్టల మీద కూర్చున్నాం. నన్ను కాపాడిన ఆ తెల్లటి అక్షరాల గురించి అడిగాను. ఆయన నవ్వాడు.

"ఏ అచ్చరాలు? నేను బోర్ల పడ్డ. మూతి మట్టిల ఉన్నది. చక్రం గుడ కనబడలే నాకు."

"మరెందుకట్ల జెప్పినవే అన్నా?"

"వాళ్ళకు ఎవడో ఒకడు గావాలె. నువ్వు దొరికినవ్. నీ దండకు గుడ్డ జూసిన. ఎవరో కట్టి పంపిండ్రు, ఎదురు జూస్తుంటరు అనుకున్న." బీడీ పీల్చి అడిగాడు. "నువ్వేనా మరి?"

రాయి నా నాలుక మీదికొచ్చింది. పెద్ద రాయి, ఎడమ చక్రం. ఎందరికో చెప్పినది, నేనే నమ్మినది. ఆయన కాలు నా ముందు చాపి ఉంది.

"ఎరుక లేదన్నా. తుమ్మొచ్చింది. కండ్లు మూసుకున్న."

హరియా చాపిన కాలు మెల్లగా మడుచుకున్నాడు. "నాకూ ఎరుక లేదు" అని లేచి, బీడీ ఆర్పి, కట్ట ఎత్తడానికి వంగాడు. నేను దండకున్న గుడ్డ విప్పబోయాను, బిళ్ళ ఆయనకిద్దామని. ఆయన నా చేయి పట్టుకుని ఆపాడు.

"విప్పకు. నువ్వింక చానా దూరం పోవాలె."

దీవెనగా అన్నాడో, మరోలా అన్నాడో నాకు అర్థం కాలేదు. లారీలు నడిపినన్నాళ్ళూ తుమ్ము వస్తే పక్కకు తీసి ఆపేవాణ్ణి. నాతో తిరిగిన క్లీనర్లు నవ్వేవాళ్ళు.

ఇప్పుడు ఆ దారులు వెడల్పయ్యాయి. ఏ అక్షరాల మీద మేము మట్టి పూసుకుంటూ చచ్చామో, ఆ అక్షరాలే కొత్త బండ్ల మీద లేవు. రాయి విసిరే పిల్లలూ లేరు, మోరీ మీద కుర్చీ వేసుకున్న ఇన్‌స్పెక్టరూ లేడు. ఎవరితోనూ మాట్లాడకుండానే చలాన్ వస్తుంది, ఎవరి మొహమూ చూడకుండానే కట్టేస్తారు. ఒక మనిషి నన్ను కాళ్ళ నుంచి దండ దాకా చూసి తేల్చిన విషయం, ఇవాళ అయితే స్తంభం మీది కెమెరా కన్ను తేల్చేసేది. తేలితే బాగుండేదా అని ఈ వయసులోనూ నన్ను అడిగితే, మాట మార్చి ఇంకో కథ చెబుతాను.

బయలుదేరబోతుంటే బీబమ్మ కోడలు ఏడ్చిన కళ్ళతోనే వచ్చి సిరి దండకు ఆకుపచ్చ పేలిక కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది. కారెక్కాక సిరిని ఆ చలాన్ ఫొటో ఒకసారి చూపించమన్నాను. వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. మా కారు, దాని నంబరు, ఒక్కొక్క అక్షరం సాఫుగా ఉంది.

"మన ముంగట ఎవరన్న ఉన్నరా, కనబడ్తదా ఈ ఫొటోల?"

"కనబడదు తాతా. మన బండి ఒక్కటే పడ్తది."

ఫోను తిరిగి ఇచ్చేశాను. సిరి నావైపు చూసి, తర్వాత తన దండకున్న గుడ్డ వైపు చూసుకుని, బండి తీసింది. పోలీసు గేట్ల కథ మళ్ళీ అడగలేదు. ఘన్‌పూర్ దాకా మెల్లగా నడిపింది.